పెద్దమ్మ ఒంట్లోని ఎనిమిది లక్షలు

ఆ రోజుల్లో ఎక్కువంతా లాభం, తక్కువంతా నష్టం అనుకునేవాణ్ణి. ఆత్మకూరులో పెద్దమ్మ కిరాణా కొట్లో లెక్కలు చూసేవాణ్ణి (చదువు ఆగినా లెక్కల మోజు ఆగలేదు). ఆ వానాకాలం కొట్లో పోయినవి: బలపాల పెట్టెలు రెండు, రోజుకు దోసెడు పచ్చి బియ్యం, పెద్దమ్మ ముఖంలో కళ. మొదటి రెండూ ఎలుకల ఖాతాలో, మూడోది వయసు ఖాతాలో వేశాను.

ఒకరోజు ఆమె తూకం దగ్గరే కళ్ళు తిరిగి కూలబడింది. ఊరంతా డెంగీ, అందరికీ ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. పెద్దమ్మ రక్తపరీక్షలో మాత్రం ఎనిమిది లక్షలు! "మనకే మిగులు పెద్దమ్మా!" అని గంతేశాను. (అదే కాగితంలో హిమోగ్లోబిన్ అడుగంటింది. చిన్న అంకె కదా, పట్టించుకోలేదు.) "మా వానికి రవ్వన్ని ఇయ్యి వదినా," అంది పక్కింటామె. "శానా ఉండాయంట, తీసుకోండి," అని పెద్దమ్మ నీరసంగానే మురిసింది. పరీక్ష చేసినాయన మాత్రం వెంటనే కర్నూలు వెళ్ళమన్నాడు. బస్సులో ఆమె నా భుజం మీద నిద్రపోతే, ఆ లక్షలన్నీ కల్లంలో ఆరబోసిన వేరుశనక్కాయల్లా ఆమె ఒంట్లో మెరుస్తున్నట్టు కలగన్నాను.

డాక్టరమ్మ ఆమె కనురెప్ప కిందికి లాగి చూసింది. "ఏమ్మా, బలపాలు, పచ్చి బియ్యం తింటాండావా?" పెద్దమ్మ నన్ను చూసి, గోడను చూసి, "ఎప్పుడన్నా ఒకటి..." అంది. మనసులోనే ఎలుకలకు క్షమాపణ చెప్పుకున్నాను. నన్ను బయటికి పంపి అడిగాక తేలింది: నెలనెలా విపరీతంగా రక్తం పోతున్నా ఆమె ఎవరికీ చెప్పలేదు.

"రక్తం పోయి ఇనుము తగ్గితే బలపాలు, బియ్యం తినాలనిపిస్తాది. ప్లేట్‌లెట్లు కూడా ఇట్లా పెరుగుతాయప్పా," అంది డాక్టరమ్మ నాతో. "ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉన్నా, కడుపులోని ప్లీహం తీసేసినా అంతే. అరుదుగా ఎముక మూలుగలోనే తేడా ఉంటాది. అప్పుడు రక్తం గడ్డకట్టి మెదడుకో గుండెకో అడ్డం పడొచ్చు. అంకె చూసి పండగ చేసుకునేది కాదు, ఎందుకు పెరిగిందో వెతకాల. ఇంకొన్నాళ్ళు ఊరకుండుంటే ఈమె గుండె అలిసిపోయేది."

వైద్యం మొదలయ్యాక లెక్క ఆరుకు, చివరికి అందరికీ ఉండే మూడు లక్షలకు దిగింది. దిగినప్పుడల్లా, తెలిసీ, నా మనసు చివుక్కుమనేది. ఆఖరి పరీక్ష సాయంత్రం పెద్దమ్మ తుంగభద్ర చూస్తానంది. గట్టు మీద ఆమె చకచకా నడుస్తోంటే నేను వెనకబడి ఆయాసపడ్డాను. "ఏమప్పా, అయిదు లక్షలు తగ్గినదాన్ని నేనే ముందు పోతాండా, నీకేమి తగ్గిందిరా?" అని నవ్వింది. నీళ్ళ మీద పొద్దు కరిగిపోతోంది.

ఆ అయిదు లక్షలు ఈనాటికీ తిరిగి రాలేదు. పెద్దమ్మ రిపోర్టు వచ్చినప్పుడల్లా, అవి రాలేదని రెండుసార్లు చూసుకుని, నాలో నేనే నవ్వుకుంటాను.