ఉర్సులా కిటికీ తెర

పొద్దున ఆరున్నరకు ఉర్సులా టోబిన్ వంటింటి కిటికీ తెర పైకి లేచేది. ముందు వేలు గుచ్చుకుని చుక్క రక్తం మీటరులో చూసుకునేది, పొట్టకు ఇన్సులిన్ సూది వేసుకునేది, శిలువ గుర్తు వేసుకుని అప్పుడు తెర తాడు లాగేది. ఎదురింట్లో టీకి నీళ్ళు పెట్టుకుంటూ నేను చూసేదాన్ని. తెర లేచిందంటే ఉర్సులాకి మరో రోజు తెల్లారినట్టే, దేవునికి స్తోత్రం. గంట ఏడైనా తెర లేవకపోతే చక్కెర పాకం సీసా పట్టుకుని నేను పరుగెత్తాలి. వాళ్ళమ్మ పోయే ముందు నా చేయి పట్టుకుని తీసుకున్న మాట అది.

ఆ చక్కెర జబ్బు ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు వచ్చింది. ఒంట్లో ఇన్సులిన్ పుట్టదు, సూదితో ఎక్కించుకోవాల్సిందే. మోతాదు కాస్త ఎక్కువైనా, తిండి కాస్త ఆలస్యమైనా చక్కెర పడిపోయి మనిషి ఉన్నచోటే కూలిపోతుంది. ఆ రోజుల్లో గాజు సిరంజి. రొట్టె కాలే పొయ్యి మీదే చిన్న గిన్నెలో వాళ్ళమ్మ దాన్ని మరగబెట్టేది. నలభై చూడదు అన్నాడట అప్పటి డాక్టరు. ఇప్పుడు యాభై రెండు.

న్యూఫౌండ్‌లాండ్‌లో మాది పదకొండు గడపల రేవు. ప్రతి ఇంట్లో కిటికీ గట్టు మీద ఉర్సులా కోసం పిప్పరమెంట్ల డబ్బా ఒకటుండేది. పిల్లలు దాని జోలికి పోయేవారు కాదు. చర్చి విందులో మా రేవు జోసెఫీన్ ఆమె కోసమని చక్కెర వేయని పండ్ల 'పై' కాల్చి తెచ్చేది. "ఉపవాసం కన్నా ఇది తినడమే పెద్ద తపస్సు" అని నా చెవిలో గొణిగి, కడదాకా తినేది ఉర్సులా.

ఒంటరిగా మాత్రం ఆమెను ఎక్కడికీ పోనిచ్చేవాళ్ళం కాదు. సముద్రపు ఒడ్డుకు వెళ్తే ఒకరు వెంట, వాళ్ళమ్మ సమాధి దగ్గరికి వెళ్తే ఒకరు వెంట. ఆరేళ్ళ కిందట ప్రభుత్వం కాడ్ చేపల వేట ఆపేశాక మరీ ఎక్కువైంది. "మన మగాళ్ళకి నా కిటికీ చూడ్డమే ఉద్యోగమైపోయింది" అనేది. "నాకు కావలి దూత ఒకడున్నాడు కదే ఆగ్నెస్, ఇంకా రేవంతా ఎందుకు?"

ఆమె మనసంతా మూడో కొండ వెనకాల ఉండేది. అక్కడ బురదనేలలో ఆగస్టులో బేకాపిల్ పండ్లు కాస్తాయి, కాడకు ఒక్కటే, పండితే బంగారు రంగు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న సిల్వెస్టర్ ఆమెను తీసుకెళ్ళేవాడు, పండ్లు ఏరుకొమ్మని వదిలేసి తను దూరంగా కూర్చునేవాడు. చివరిసారి వెళ్ళినప్పుడు ఆమెకు దాహం ఆగలేదు. బోర్లా పడుకుని అక్కడి వాగులో మూతి పెట్టి తాగుతూనే ఉంది. "వాగుని కాస్త మిగల్చవే తల్లీ, రేపు మళ్ళీ రావాలి" అని నవ్వాడట నాన్న. ఆ దాహమే జబ్బు. వారం తిరక్కుండా ఆసుపత్రి. ఆ తర్వాత అటు పోనిచ్చినవాళ్ళు లేరు.

నిరుడు ఆగస్టులో ఒకరోజు మంచు తెర విడిపోయి కొండలు శుభ్రంగా కనబడేసరికి, ఉర్సులా ఇక ఆగలేక బకెట్టు పట్టుకుని బయల్దేరింది. ఆ తొందరలో తెర ఎత్తడం మరిచిపోయింది.

ఏడింటికి నేను సీసాతో పరుగెత్తాను. మంచం చల్లగా ఉంది. నేను పెట్టిన కేకకు రేవంతా లేచింది. ఆంబ్రోస్ మామ బనీను మీదే రబ్బరు బూట్లు తొడుక్కుని ముందు నడిచాడు. మొదటి కొండ ఎక్కి అవతలికి దిగుతుండగా ఉర్సులా దొరికింది. మమ్మల్ని చూసి మీటరు పైకెత్తి అరిచింది.

"ఐదు పాయింట్ ఆరు! బాగానే ఉన్నాను!"

"నీ అంకెలు నీ దగ్గరే ఉంచుకో పిల్లా. ముందు ఈ పిప్పరమెంటు నోట్లో వేసుకో" అన్నాడు ఆంబ్రోస్ మామ.

"వేసుకుంటే అంకె పెరుగుతుంది మామా!"

"పెరగనీ. ఇంటికి నడిచేసరికి అదే దిగుతుంది."

చెరో రెక్కా పట్టుకుని ఇంటికి తెచ్చాం. రెండు రోజులు కూర్చుని రొట్టెలు కాల్చి, వెతకడానికి వచ్చినందుకు గడపగడపకీ ఒకటి ఇచ్చింది. నా చేతిలో రొట్టె పెడుతూ, "ఇంకో రెండు కొండలేనే, ఆగ్నెస్" అంది. మొదటి కేక నాదే కదా. ఆ రొట్టె తినకుండా గుడ్డలో చుట్టి పెట్టేశాను.

ఈ ఏడు ఆగస్టులో మరియతల్లి పండగ ఇంకో మూడు రోజులుందనగా, జపమాల చెప్పుకున్నాక నా దగ్గర టీకి ఆగింది.

"రేపు వెళ్తున్నాను" అంది. "ఒక్కదాన్నే."

కప్పు దించేశాను. "పడిపోతే?"

"సూది రెండు యూనిట్లు తగ్గించుకుంటా. రొట్టె, మిఠాయిలు, మీటరు అన్నీ మూట కట్టుకున్నా. అయినా పడిపోతే, నాన్న కూర్చున్న చోట పడతాను."

"ఏముందే అక్కడ అంతగా?"

తన వేళ్ళకేసి చూసుకుంది. ఏళ్ళ తరబడి గుచ్చిన సూదులతో ఆ వేళ్ళ కొసలు గరుకుదేలాయి.

"ఆ నీళ్ళు దాహం లేకుండా ఒక్కసారి తాగి చూడాలి."

ఆమె కప్పులో ఇంకాస్త టీ పోశాను.

"ఒక్క సాయం చెయ్యి" అంది. "ఆరున్నరకి మా ఇంట్లోకెళ్ళి ఆ తెర నువ్వు ఎత్తు. సాయంత్రం చర్చిలో త్రికాల జపం గంట కొట్టేదాకా ఎవరికీ చెప్పకు. గంట అయ్యాక కూడా నేను కనబడకపోతే ఆంబ్రోస్ మామతో సహా అందర్నీ తోలు, ఏమీ అనుకోను."

"అబద్ధం ఆడమంటున్నావు నన్ను, పండగ ముందు."

"తెర లేచిందంటే ఉర్సులా బతికుందనే కదా? రేపు నిజంగానే బతికుంటానే." లేచి కోటు తొడుక్కుంది. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగింది.

"తాడు బిగుసుకుంటోంది ఈ మధ్య. మెల్లగా లాగు."