యాభై ఏళ్ళ ముందు మన ఊరు

'భవిష్యత్తు' అనే మాట వింటేనే నాకిప్పటికీ అసహ్యం. గూడూరులో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునేదాన్ని, వాకాడు అవతల ఒక సముద్రపు పల్లెకు దుబాసీగా రమ్మంటే సంబరంగా పోయాను. మూడు దేశాల ప్రొఫెసర్లు కలిసి రాబోయే కాలం గురించి ఆలోచిస్తారట. యాభై ఏళ్ళ తర్వాత తమ ఊరు ఎలా ఉండాలో పల్లెవాళ్ళనే అడిగి, ఆ నివేదిక ప్రభుత్వానికి ఇస్తారట.

పల్లెవాళ్ళకు కావలసింది ఒక్కటే, రాళ్ళ కట్ట. సముద్రం అప్పటికే ఒక వీధిని మింగేసింది. రెండో వీధి గడపల దాకా వచ్చింది. కట్ట సంగతి పైవాళ్ళ చెవిన పడుతుందనే ఆశతో ఆడవాళ్ళంతా చేపల బేరం మానుకుని తుఫాను షెల్టరుకు వచ్చారు.

లోపల గోడకు పెద్ద బ్యానరు కట్టి ఉంది: 'యాభై ఏళ్ళ ముందు మన ఊరు'. రాయించినవాడు హైదరాబాదు నుంచి వచ్చిన నిర్వాహకుడు, తెలుగువాడే, కాకపోతే తెలుగు చదవనివాడు.

"ఏళ్ళ ముందు అంటే గడిచిపోయిన కాలమండీ. 'తర్వాత' అని ఉండాలి" అన్నాను.

"ముందు అంటే ముందుకెళ్ళడమే కదా మేడం" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా.

పోనీ నోటితో చెబుదామంటే, ఊరివాళ్ళు తమ ఊహను బొమ్మలుగా గీయాలట, గీసేటప్పుడు మాటలు ఊహకు అడ్డమట! దుబాసీని బయట కూర్చోబెట్టారు. చదువు వచ్చిన పిల్ల ఒకతె బ్యానరు చదివి వినిపించింది, అందరూ గీయడం మొదలుపెట్టారు.

నేను లోపలికి వచ్చేసరికి ఒక పెద్దామె సరుగుడు తోపు, మంచినీళ్ళ బావి, పడవలు లాగే వెడల్పాటి ఇసుక, వరసగా ఇళ్ళు గీసి పెట్టింది.

"మా మొదటి వీధమ్మా. నేను కోడలుగా వచ్చినప్పుడు ఇట్లనే ఉన్నింది" అంది నాతో.

ప్రొఫెసర్లలో ఒకావిడకు అప్పటికే కళ్ళు చెమ్మగిల్లాయి. కాంక్రీటు లేని భవిష్యత్తును కలగన్నారట వీళ్ళు! ఇది జరిగిపోయిన కాలమనీ, బ్యానరు తప్పనీ, వీళ్ళు అడిగేది కట్ట అనీ విడమరిచి చెప్పాను. ఆవిడ నా భుజం తట్టింది.

"వీళ్ళకు కాలం గుండ్రంగా తిరుగుతుంది, దాన్ని మీరు సరిదిద్దకండి. కట్ట అనేది ఇవాళ్టి భయం. మేం వెతికేది దూరపు కల" అంది.

పొద్దున పట్టిన చేపకూ నిన్నటి చేపకూ తేడా చెప్పి అమ్ముకునేవాళ్ళకు, నిన్నేదో రేపేదో తెలియదట! ఒళ్ళంతా కంపరమెత్తింది. ఆ చెయ్యి పడిన భుజం కడుక్కోవాలనిపించింది.

నివేదిక అచ్చయింది. అట్ట మీద పెద్దామె గీసిన బొమ్మ. లోపల, సముద్రానికి అడ్డుకట్ట ఈ ఊరివాళ్ళు కోరుకోవడం లేదని రాశారు. తప్పు దిద్దమని మూడు దేశాలకూ మెయిలు పెట్టాను. నా అభిప్రాయం ఎంతో విలువైనదని జవాబిచ్చి ఊరుకున్నారు. ఇంత చదువూ ఇందుకా అని రోత పుట్టింది.

ఆ తర్వాత కట్ట కోసం అర్జీ పట్టుకుని ఆడవాళ్ళు ఆఫీసుకు పోతుంటే నేనూ వెంట వెళ్ళాను. అధికారి అర్జీ చదవనే లేదు. ఫోన్లో ఆ అట్ట తీసి చూపించాడు.

"కట్ట వద్దని ఫారినోళ్ళ కాడ మీరే చెప్పినారంట గదమ్మా. ఈ బొమ్మ మీదే గదా?"

పెద్దామె ఫోను దగ్గరికి తీసుకుని చూసింది.

"నాదే సారూ. ఇది మునిగిపోయిన ఇల్లు. ఇప్పుడుండే ఇంటిని గూడా బొమ్మలోనే చూసుకోమంటారా?"