మూత పెట్టి తలుపు తీసింది

మారతహళ్ళి ఫ్లాట్‌లో నాతోపాటు అద్దెకున్న అక్కది హిందూపురం వైపు. ప్రతి గుడ్డునూ ముందు చిన్న గిన్నెలో కొట్టి, వాసన చూశాకే కూరలో జారవిడిచేది. "ఒకటి చెడిపోయుంటే కూరంతా పోతాది పాపా" అనేది.

ఆ ఆదివారం పొద్దున బాణలిలో టమాటా గుజ్జు, క్యాప్సికం, బీన్స్ ఉడుకుతున్నాయి. ఆమె గుడ్లు అందుకునేసరికి తలుపు దబదబా మోగింది. కిటికీలోంచి చూశాను. ఆమె వదిలేసి వచ్చిన భర్త. ఒకప్పుడు అతను విరగ్గొట్టిన ఎడమ చెయ్యి ఆమెకు ఇప్పటికీ పూర్తిగా చాపడానికి రాదు.

"పోలీసులకు ఫోన్ చెయ్యనా అక్కా?"

"ఫోన్ చేతిలో పెట్టుకో. నేను చెప్పినప్పుడు చెయ్యి."

తలుపు మోగుతూనే ఉంది. ఆమె ఒక్కో గుడ్డూ వాసన చూసే వేసింది. మూత పెట్టి, మంట తగ్గించి, గొలుసు తీయకుండా తలుపు ఓరగా తెరిచింది.

"ఇంటికి పోదాం రా. ఊళ్ళో పరువు పోతా ఉండాది" అన్నాడు.

"నేను ఇంట్లోనే ఉండాను. నీ పరువు నువ్వే చూసుకో."

అతను తలుపును భుజంతో తోశాడు. గొలుసు బిగుసుకుంది. ఆమె వెనక్కి జరగలేదు. చప్పుడుకి ఎదుటి ఫ్లాట్ వాళ్ళు బయటికొచ్చారు. అతను వాళ్ళ వంక చూసి, గొణుక్కుంటూ మెట్లు దిగిపోయాడు.

తలుపు వేసి ఆమె అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

"ఆయప్ప ముందర నా గొంతు వణకలేదు కదా పాపా?"

"లేదక్కా" అన్నాను. నిజమే చెప్పాను. ఆమె గొంతు వణకడం మొదలుపెట్టింది అప్పుడే.