నతానియేల్ ఎవరి పేరూ చెప్పడు

మౌలాలి నతానియేల్‌కు రెండు చోట్ల మంచి పేరుంది: మెషీన్లు పాడైన సేఠుల దగ్గర, ఆ మెషీన్లను పాడుచేసిన వాళ్ల దగ్గర. ప్రొక్లెయినర్లు, క్రేన్లు ఇప్పుడు వట్టి ఇనుము కాదు కదా, ఒక్కోదాని కడుపులో మూడు నాలుగు కంప్యూటర్లుంటాయి. ఇంజను కంప్యూటరు పంపు కంప్యూటరుతో, అది డ్రైవరు ముందున్న స్క్రీనుతో, జడలా అల్లిన రెండు సన్నటి వైర్ల మీద పొద్దస్తమానం కబుర్లు చెప్పుకుంటాయి. ఆ కబుర్లు ఆగితే అంత పెద్ద మెషీనూ మొండికేసిన దున్నపోతులా నిలబడిపోతుంది. ఎక్కడ ఆగాయో పట్టుకోవడమే నతానియేల్ బతుకుతెరువు.

పట్టుకుంటాడు. కానీ ఎవరివల్ల ఆగాయో మాత్రం చచ్చినా చెప్పడు. సేఠుగారి బావమరిది ఫోను ఛార్జింగు కోసం వైరు గీకినా, సేఠే స్వయంగా పైపు పెట్టి కంప్యూటరుకు స్నానం చేయించినా, ఆయన నోట ఒకటే మాట: "వైబ్రేషన్ సార్." పాపం వైబ్రేషన్‌కు నోరుందా, ఎదురు చెప్పడానికి? "మీరు డాక్టరైతే కత్తిపోటుకు కూడా వాతం అని రాసేవాళ్లు," అంటుంది భార్య ప్రిసిల్లా. ఆవిడ టీచరు, మొహమాటం లేని మనిషి. ఆయన నవ్వి ఊరుకుంటాడు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఇలాంటి సిద్ధాంతాలు ఇంకొకడి ఉద్యోగం మీదికి వచ్చేదాకా భలేగా ఉంటాయి.

దసరా వెళ్లిన కొన్నాళ్లకు బోయిన్‌పల్లి కాంట్రాక్టరు ఓంప్రకాశ్ ఫోను చేశాడు. రాంగోపాల్‌పేట్‌లో సెల్లారు తవ్వుతున్న కొత్త ప్రొక్లెయినరు పొద్దున బుద్ధిగానే స్టార్టవుతుందట. కాస్త పని చేశాక స్క్రీను నల్లబడి, మూలిగి, ఆగిపోతుందట.

నతానియేల్ వెళ్లేసరికి ఓంప్రకాశ్ సేఠు తన డ్రైవరు తుకారాం మీద ఎగురుతున్నాడు.

"బండికి ఏం రోగం లేదు నతానియేలన్నా. రోగమంత వీనికే! పని ఎగ్గొట్టనీకి ఏదో వైరు పీకుతుండు. వీని పనే అని తేలిందా, ఇయ్యాల్నే ఇంటికి పంపిస్త."

"నేనేం ముట్టలే సార్," అన్నాడు తుకారాం. ఆ ఇంటి బండ్లు నడుపుతూనే నెత్తి నెరిసిన మనిషి. ఈ వయసులో ఇంకెవరు పిలిచి కొత్త బండి చేతికిస్తారు?

నతానియేల్ ల్యాప్‌టాప్ తగిలించాడు. ఇంజను పిలుస్తోంది, పంపు పలకడం లేదు. మీటరు పట్టుకుని వైర్ల గుత్తులు ఒక్కొక్కటే కదిలించి చూసుకుంటూ క్యాబిన్ వెనక కంప్యూటరు పెట్టె దగ్గరికి వచ్చి, మూత తీశాడు. లోపల చీమలు పెళ్లి చేసుకుంటున్నాయి. ప్లగ్గు ఊడదీస్తే పిన్నుల నిండా పచ్చటి చిలుము. పెట్టె నెత్తిన కుంకుమ బొట్టు, మూలన రెండు కొబ్బరి పీచులు. ఇక దీనికి ల్యాప్‌టాప్ ఎందుకండీ?

"దసరాకు కాయ ఎక్కడ కొట్టారు?" అని తుకారాం చెవిలో అడిగాడు.

తుకారాం అటూ ఇటూ చూశాడు. "సేఠ్ వాళ్లమ్మ, కమలాబాయమ్మ కొట్టింది సార్. యేటా బకెట్ పళ్ల మీదనే కొడ్తది. ఈసారి కొత్త బండిల కంప్యూటరుందని సేఠ్ చెప్పిండు. 'అయితే దాని మెదడుకే పూజ చెయ్యాలె' అన్నదామె. సేఠే మూత తీసిండు. జెర చెప్పకుండ్రి సార్, మీకు దండం పెడ్త."

నతానియేల్ ఇరుకున పడ్డాడు. తను ఆదివారం చర్చికి పోయే మనిషి. 'మీ అమ్మగారి పూజ వల్ల బండి చెడింది' అని ఏ ముఖం పెట్టుకుని చెప్తాడు? అందుకే, "వైబ్రేషన్..." అని మొదలుపెట్టాడు.

"షోరూం నుంచి నిన్నగాక మొన్న వచ్చిన బండికి వైబ్రేషనేందీ?" అంటూ ఓంప్రకాశ్ తనే పైకెక్కి తొంగిచూశాడు. "ఈ చీమలేందన్నా?"

"ఏవో తీపి నీళ్లు పడ్డట్టున్నయి..."

"తీపి నీళ్లా! వీడు క్యాబిన్ల కూర్చొని కూల్‌డ్రింకులు తాగుతడు!" బొట్టు కళ్లెదుటే ఉంది, కోపానికి చీమలే కనబడ్డాయి. "తుకారాం! తాళంచెయ్యి ఇయ్యి. నడువ్!"

తుకారాం జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. నతానియేల్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. కమలాబాయి దిగింది. చేతిలో ఇంకో కొబ్బరికాయ!

"బండికి దిష్టి తగిలిందిరా ఓం. నా కాయ సరిపోయినట్టు లేదు. మెదడు మూత తియ్యిండ్రి, పెద్ద కాయ తెచ్చిన."

మూత తీసే ఉంది. ఆవిడ కొంగు బిగించి, పెట్టె దగ్గరికొచ్చి కాయ ఎత్తింది. నతానియేల్ ఒక్క గంతులో పెట్టెకు అడ్డంపడి రెండు చేతులూ చాచాడు.

"కొట్టకమ్మా! దసరానాడు మీరు కొట్టిన కాయ నీళ్లే దీంట్ల పోయినయి! అందుకే బండి ఆగింది. మూత తీసింది మీ కొడుకు. తుకారాంది ఏం తప్పు లేదు!"

నతానియేల్ గుండె తేలికపడింది.

కమలాబాయి మెల్లగా కాయ దించింది. తుకారాం వైపు చూసింది.

"నీకు ఎరుకేనా? మరెందుకు చెప్పలేదురా?"

"నా పేరు మీద కొట్టిండ్రమ్మా," అన్నాడు తుకారాం. "బండి పేరు గాదు, సేఠ్ పేరు గాదు. 'మా తుకారాం పైలంగ, సల్లంగ ఉండాలె' అని మొక్కిండ్రు. నా కోసం సుత కాయ కొట్టేటోళ్లు ఇంకెవరున్నరు? గా కాయతోనే బండి ఖరాబైందని ఎట్ల చెప్పాలె?"

ఆవిడకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని కొడుకు వైపు తిరిగేసరికి మాత్రం ఆ కళ్లల్లో నిప్పులే మిగిలాయి.

"పొరపాటైందని చెప్పురా."

ఓంప్రకాశ్ పుట్టి బుద్ధెరిగి ఎవరికీ ఆ మాట అన్నవాడు కాదు. గొంతు సవరించుకున్నాడు. తలెత్తి ప్రొక్లెయినరు బకెట్‌ను చూస్తూ, "పొరపాటైంది," అన్నాడు.

"బండికి గాదురా," అంది తల్లి, "మనిషికి చెప్పు."