మామ పసుపూ, మెరిసిన కణాలూ

ఆ రోజుల్లో, లోకంలో ఎవరూ చూడనిదాన్ని నేనొక్కదాన్నే చూస్తానని నాకు గట్టి నమ్మకం. చదువు అప్పుడే ముగిసింది. నంద్యాలలో ఒక కాలేజీ ల్యాబులో ఉద్యోగం, ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సు. అద్దం పలక మీద పెంచిన కణాలకు ఒక రంగు మందు వేసి ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు కింద పెట్టడం నా పని. నీలం వెలుగు పడగానే, మందు అంటుకున్న చోటు మాత్రమే ఆకుపచ్చగా మెరుస్తుంది. (గ్లవ్స్ వేసుకోమని ల్యాబు నడిపే మేడం వందసార్లు చెప్పినారు. అవి నా వేళ్లకు పెద్దవి. చెప్పడం ఆమె పని, తీసేయడం నా పని.)

ఒక సోమవారం కణమంతా ఈ కొస నుంచి ఆ కొసకు వెలిగిపోయింది, మందు అంటుకోకూడని చోట్ల కూడా. మేడం కళ్లద్దాలు తీసి చూసినారు, పెట్టుకుని చూసినారు. "ఇదేదో కొత్తగా ఉందమ్మా. రేపు మధ్యాహ్నం సెమినార్లో నువ్వే చూపించు," అన్నారు. ఆ సాయంత్రం బస్సులో సీటు దొరకలేదు. నిలబడే వచ్చినాను గానీ కాళ్లు నొచ్చిన గుర్తు లేదు. ఇంట్లో నాయనకు చెప్తే, "ఏందీ, కంటికి కనపడనిదాన్ని చూసినావా? సరే, బువ్వ తిను," అన్నాడు.

మంగళవారం పొద్దున, పోల్చి చూపడానికి మందు వేయని కణాలను కూడా ఫొటో తీయమన్నారు మేడం. అవి చీకటిగా ఉండాలి. అవీ వెలిగినాయి. ఇంకో పలక పెడితే అదీ వెలిగింది. అప్పుడు, ఫోకస్ తిప్పుతున్న నా వేళ్లు చూసుకున్నాను. ఆదివారమంతా రుద్రవరంలో మామ కళ్లంలో పసుపు కొమ్ములు ఏరి వచ్చినదాన్ని. గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పోలేదు. వేలు స్పిరిట్‌లో ముంచి, ఆ చుక్కను ఖాళీ పలక మీద వేసినాను. దివ్యంగా మెరిసింది.

సెమినార్‌కు ఇంకా రెండు గంటలుంది. నోరు మూసుకుందామా అని ఒక్క నిమిషం అనిపించింది, అబద్ధమెందుకు. పోయి చెప్పినాను. "మేడం, అది మందు కాదు. మా మామ పసుపు."

మేడం నా చేతులు తిప్పి తిప్పి చూసినారు. "సెమినార్ మటుకు నువ్వే చెప్పాల. ఇదే చెప్పు," అన్నారు.

చెప్పినాను. హాలంతా నవ్వింది. తర్వాత మాత్రం పసుపు చుక్క చూడ్డానికి ల్యాబు ముందర వరుస కట్టినారు, నవ్వినవాళ్లతో సహా. నాయన ఒక్కడే మెచ్చుకోలేదు. "పసుపు మెరుస్తాదని తెలుసుకునేదానికి నంద్యాల దాకా పోవల్నా? నన్నడిగింటే ఈడనే చెప్తాంటి గదా."

ఆ తర్వాత ఇన్నేళ్లలో నిజంగానే ఒకటి రెండు చిన్న సంగతులు కనుక్కున్నాను, పదిసార్లు అనుమానపడి, మెల్లగా. తృప్తిగానే ఉంది. అయితే ఏదీ సరిచూసుకోకుండానే లోకాన్ని గెలిచినట్టు హాయిగా నిద్రపోయిన ఆ పిల్లంటే మటుకు నాకిప్పటికీ కాస్త అసూయ.