అత్తా, కందిరీగా, నలభై ఒక్క వాక్యాలూ

మా మేనత్తకు లోకంలో వచ్చిన ప్రశ్న ఒకే ఒక్కటి. "అని ఎవరన్నారు?" పుట్టగానే పిల్లలందరూ కెవ్వుమంటే, తను మాత్రం "ఇది లోకమని ఎవరన్నారు?" అని అడిగిందని మా నాన్న అంటాడు. నాన్న తనకన్నా రెండేళ్లు చిన్న కాబట్టి ఆ సాక్ష్యం చెల్లదని అత్త కొట్టిపారేసింది.

ముప్పై ఒక్క ఏళ్లు కోర్టులో టైపిస్టుగా పనిచేసి, సాక్షులు చెప్పిన అబద్ధాలన్నీ పొల్లుపోకుండా కొట్టిన మనిషి. రిటైరయ్యాక ఇంటర్నెట్‌లో ఉచిత విజ్ఞాన సర్వస్వం ఒకటుందనీ, అందులో ఎవరైనా రాయొచ్చు, దిద్దొచ్చనీ తెలిసింది. ఇంటర్నెట్ చట్టాల గురించి మన భాషలో ఉన్న వ్యాసాలు మరీ అధ్వాన్నంగా ఉన్నాయనీ తెలిసింది. మన ఫొటో ఎవరో పెట్టేస్తే ఏం చేయాలి, వెబ్‌సైటులో పడ్డ తిట్లకు బాధ్యత ఎవరిది, ఇలాంటివి. ఆకలిగా ఉన్న పులికి మేకల దొడ్డి తలుపు తీసినట్టయింది.

"రిటైరైనవాళ్లు మొక్కలు పెంచుకుంటారు. మీ అత్త పేరాలు కత్తిరిస్తోంది" అన్నాడు మావయ్య.

ఉద్యోగం ఆ ఊళ్లోనే రావడంతో నేను వాళ్లింట్లో చేరాను. అత్త పొద్దున్నే కాఫీ కప్పుతో కంప్యూటరు ముందు కూర్చునేది. అక్కడ ఆమె పేరు "వడపోత". ఎక్కడ ఆధారం చూపని వాక్యం కనిపించినా పక్కన ఓ ప్రశ్న గుచ్చేది. కాఫీ అయిపోయేసరికి పది వాక్యాలకు గాయాలయ్యేవి.

అలవాటు కంప్యూటరు దగ్గర ఆగితే బాగుండేది. ఓ మధ్యాహ్నం మావయ్య బయటినుంచి వచ్చి, "అబ్బ, ఎండ మండిపోతోంది" అన్నాడు.

"అని ఎవరన్నారు?"

"నా బట్టతల అంటోందే!"

"సంబంధం ఉన్నవాళ్లు చెప్పింది చెల్లదండీ. బయటివాళ్లెవరైనా అన్నారా?"

మావయ్య పాపం నావైపు తిరిగి, "నువ్వన్నా అనమ్మా" అన్నాడు.

ప్లంబరు కొత్త కుళాయి బిగించి, "పదేళ్లదాకా చూసుకోనక్కర్లేదమ్మా" అన్నాడు.

"అని ఎవరన్నారు?"

"నేనే అంటున్నానమ్మా."

"నువ్వు బిగించినవాడివి. నువ్వు కాక ఇంకెవరన్నారు?"

అతను కుళాయి ఓసారి తిప్పి చూసి, "ఎవరూ అనలేదమ్మా, పాడైతే పాడవుతుంది" అని ఒప్పుకున్నాడు. "ఇదీ నిజాయితీ అంటే" అని అత్త అతనికి కాఫీ ఇచ్చింది.

ఇంతటి అత్తకూ ఒక మొగుడు దొరికాడు. మావయ్య కాదు, "కందిరీగ". ఆ మారుపేరుతో ఎవరో, అనుమతి లేకుండా పెట్టిన ఫొటోలను తీయించుకోవడం ఎలాగో ఒక వ్యాసం రాశారు. మొత్తం నలభై ఒక్క వాక్యాలు, ఒక్కదానికీ ఆధారం లేదు. "ఆ హక్కు ప్రతి మనిషికీ ఎల్లప్పుడూ ఉంటుంది" అన్న వాక్యం పక్కన అత్త, "ఎల్లప్పుడూ అని ఎవరన్నారు?" అని గుచ్చింది.

"తమరికి వేరే పనేమీ లేదా?" అని జవాబొచ్చింది.

"లేదని ఎవరన్నారు?"

ఈ యుద్ధం రెండేళ్లు నడిచింది. కందిరీగ కుట్టిన రోజు మా ఇంట్లో కూరలో కారం పెరిగేది.

ఓ ఉదయం ఆ వ్యాసం నెత్తిన ఎర్రటి నోటీసు పడింది. ఏడు రోజుల్లో ఆధారాలు చూపకపోతే వ్యాసాన్ని తొలగిస్తామని నిర్వాహకులు పెట్టారు. కందిరీగ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి.

మావయ్య హుషారుగా, "శత్రువు కోట కూలుతోందోయ్! పండగ చేసుకో" అన్నాడు.

అత్త నవ్వలేదు. కళ్లజోడు తుడుచుకుని నాతో, "నీ స్కూటర్ తియ్యి. లా కాలేజీ లైబ్రరీకి వెళ్దాం" అంది.

"అదేంటత్తా! ఆ వ్యాసం పోవాలనే కదా నీ పోరాటం?"

"అని ఎవరన్నారు? ఆ పేజీని రోజుకు అరవైమంది చదువుతున్నారు. సరదాకి ఎవరు చదువుతారే దాన్ని? కొంప అంటుకున్నవాళ్లే చదువుతారు. ఆధారం లేని వాక్యాన్ని ఎవడైనా ఒక్క నొక్కుతో లేపేస్తాడు. ఉంటే లేపలేడు. అందుకే రెండేళ్లుగా మొత్తుకుంటున్నా, ఆ కందిరీగ వింటేగా!"

నాలుగు రోజులు లైబ్రరీలో దుమ్ముకు తుమ్ముతూ తీర్పులు తిరగేసింది. ముప్పై తొమ్మిది వాక్యాలకు ఆధారాలు దొరికాయి. నలభయ్యోదాని కోసం ఒక రిటైర్డు జడ్జిగారికి ఫోన్ చేసింది.

"ఆ తీర్పు నేనిచ్చినట్టు గుర్తులేదమ్మా" అన్నాడాయన.

"నాకు గుర్తుంది సార్. కొట్టింది నేనే."

ఆయన బీరువా వెతికి పేజీ నంబరు చెప్పాడు. "ఎల్లప్పుడూ" ఉన్న నలభై ఒకటో వాక్యాన్ని మాత్రం అత్త తన చేత్తోనే కొట్టేసింది. ఏడో రోజు సాయంత్రం నోటీసు తీసేశారు.

రెండు వారాల తరవాత కందిరీగ మా గుమ్మంలో నిలబడింది. నలభై ఏళ్ల నర్సు, కుడిచేతికి కట్టు. ఆసుపత్రి మెట్లమీద జారి మణికట్టు విరిగిందట. కాస్త కోలుకుని కంప్యూటరు తెరిచి, వడపోత చేసిన పని చూసి, అక్కడే అత్తకు సందేశం పంపి చిరునామా తీసుకుందట.

"మా వార్డులో ఒకమ్మాయి తిండి మానేసిందండీ. ఎవరో తన ఫొటో పెట్టారని" అందామె. "ఏం చెయ్యాలో చెప్పే దిక్కు లేదు. తనకోసం నేనే తెలుసుకుని, వెంటపడి ఆ ఫొటో తీయించాను. ఇంకెవరూ అలా అల్లాడకూడదని రాశాను. కోపంలో రాశాను, ఆధారాలు ఎవరికి తోస్తాయి? రెండేళ్లు మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. అయినా ఎందుకు నిలబెట్టారండీ?"

అత్త ఇబ్బందిగా కదిలింది. "నాకు అనుమానం మీ వాక్యాల మీదేనమ్మా. మీ మీద ఎప్పుడూ లేదు."

ఆమె కళ్లు తుడుచుకోబోతే కట్టు అడ్డమొచ్చింది. అత్త తన కొంగు అందించి, "కూర్చోండి. చెయ్యి బాగయ్యేదాకా మీరు చెప్పండి, నేను కొడతాను" అంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆమె వస్తుంది. ఒకరు చెబుతారు, ఒకరు కొడతారు, పావుగంటలో ఇద్దరూ అరుచుకుంటారు. మొన్న కింది వాటా ఆయన కంగారుగా మెట్లెక్కి వచ్చాడు.

"ఏమిటండీ పైన గొడవ? ఆస్తి తగాదా?"

"కాదండీ, కామా తగాదా" అన్నాడు మావయ్య.

"ఎన్నాళ్లుంటుందండీ?"

మావయ్య ఒకసారి లోపలికి చూశాడు. కందిరీగ ఎడమచేత్తో బల్ల చరుస్తోంది, అత్త పకపకా నవ్వుతోంది.

"కలకాలం ఉండాలనే మా ఇంటిల్లిపాదీ కోరుకుంటున్నామండీ" అన్నాడు.