నిజాంపట్నంలో వేట మళ్లీ మొదలైన ఉదయం

నిజాంపట్నం రేవు సముద్రపు ఒడ్డున లేదు. కొత్తగా వచ్చినవాళ్లు ముందు దీనికే నిరాశపడతారు. రేవు ఒక కాలువ మీద ఉంది. రెండు పక్కలా మడ చెట్లు. బోట్లు ఆ కాలువ వెంట కిందికి సాగి, అది సముద్రంలో కలిసే మొగ దాటాలి. అలలు చూడాలంటే బాపట్ల వైపు సూర్యలంకకు వెళ్లాలి. ఇక్కడ కనిపించేవి బోట్ల వరసలు, ఐసు ఫ్యాక్టరీ, వేలం వేసే షెడ్డు, ఎండబెట్టిన చేపలు. పచ్చి చేప రేపల్లె మీదుగా తెనాలి చేరుతుంది. నేనూ అలాగే చేరి, అక్కడ పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాను.

నాన్న చలికాలంలో పోయాడు. సముద్రంలో కాదు, ఇంట్లో, జ్వరంతో. అప్పట్నుంచీ బోటు కట్టేసే ఉంది. వేసవిలో వేట నిషేధం కూడా గడిచింది. నిషేధం ఎత్తేసిన రోజున కూడా కదలకపోతే ఇక అమ్మేయడమే. బోటు పోతే మా అమ్మకు ఈ ఊళ్లో పని లేదు.

మొదటి వేటకు వెళ్లే బోటుకు బోటు యజమాని ఇంటి ఆడమనిషి పసుపు పూసి బొట్టు పెట్టాలి. భర్త పోయిన మనిషి ఆ పూట ఎదురు రాకూడదు. ఇది ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు.

ముందురోజు సాయంత్రం మా బోటు నడిపే సరంగు వచ్చాడు. నాన్నకు తమ్ముడి వరస. ఇంజను గురించి, వలల గురించి మాట్లాడి, చివరికి బోటులో పనిచేసే కుర్ర కలాసీల ఇళ్లల్లో భయపడుతున్నారనీ, ఈసారికి పసుపు మా పిన్ని చేత పూయిస్తే బాగుంటుందనీ అన్నాడు. అమ్మ టీ ఇచ్చి పంపింది.

తెల్లారి పిన్ని పళ్లెం పట్టుకుని జెట్టీ మీద నిలబడి ఉంటే, అమ్మ అందరి ఎదురుగా నడిచి వచ్చింది. కలాసీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ బోటు ఎక్కలేదు. వెనకనుంచి ఒకావిడ, ఏడాదైనా తిరక్కుండానే ఈవిడకింత తొందరేంటని గొణిగింది. అమ్మ పళ్లెం అందుకుంది. పిన్ని వదిలేసింది.

అమ్మ గొంతు పెంచలేదు.

"ఇన్నేళ్లూ దీనికి పసుపు పూసింది నేనే. ఆయన వెళ్లిన ప్రతిసారీ తిరిగొచ్చాడు. నా చెయ్యి మంచిది కాదని ఎవరంటారో అనండి."

సరంగు చెప్పులు విప్పి, అందరికంటే ముందు బోటెక్కాడు.

"పూయి వదినా. నువ్వు పూయందే నేను బోటు తియ్యను."

కలాసీలు ఒక్కొక్కరే ఎక్కారు. అమ్మ నిదానంగా, ఎప్పటిలాగే, బోటు ముందు భాగమంతా పూసింది.

పక్క బోటు సరంగు అరిచాడు: "అక్కా, మాకూ కాస్త మిగల్చు."

"మీ ఆవిడ నా చెయ్యి విరగ్గొడుతుంది" అంది అమ్మ.

షెడ్డు దాకా నవ్వులు వినిపించాయి. ఇందాక గొణిగింది ఆ సరంగు భార్యే. ఆవిడే వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని తమ బోటు దగ్గరికి తీసుకెళ్లింది.

నాన్న పోయాక నేను దుఃఖం మీద చాలా చదివాను. ఆ ఉదయం అందులో ఒక్క మాటా గుర్తు రాలేదు.

మా బోటు కదిలింది. ఐసు సరిపడా వేశారా అని అమ్మ ఒడ్డునుంచి అడిగింది. సరంగు చెయ్యెత్తాడు. మడ చెట్ల మలుపు తిరిగేదాకా చూశాం.

"నువ్వు బస్సు చూసుకో" అంది అమ్మ. "షెడ్డులో మన చోటు కడిగించాలి. ఇక వేలం దగ్గర నిలబడేది నేనే."

అటు నడిచింది. ఎదురైనవాళ్లు ఆగి పలకరిస్తుంటే, షెడ్డు చేరడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.